సఫూరా ఇచ్చిన పాలు

మా వీధి రొట్టెలన్నీ నా తందూరులోనే కాలతాయి. అందుకని ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ఆ ఇంటి మగవాళ్ళ కంటే నాకే ముందు తెలుస్తుంది. పిండి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోరు కదా. కోడళ్ళు అత్తల్ని ఆడిపోసుకుంటారు, అత్తలు కోడళ్ళని, అందరూ కలిసి మగవాళ్ళని. నేనా, మొగుడు పోయినదాన్ని, పిల్లలు లేనిదాన్ని, నోరు మంచిది కానిదాన్ని. హాజిరా దగ్గర దాచి లాభం లేదని అందరికీ తెలుసు.

సఫూరా సంగతి మాత్రం చాడీగా చెప్పడం లేదు. ఆమె చేసింది నా కళ్ళ ముందే చేసింది. మౌల్వీ సాబ్ ముందు సాక్ష్యం చెప్పినదాన్ని కూడా నేనే. ఇప్పుడు ఊరంతా ఆ కథని తలకిందులు చేసి చెప్పుకుంటుంటే నా ఒళ్ళు మండిపోతోంది. జరిగింది జరిగినట్టు ఒక్కరైనా చెప్పాలి.

సఫూరా మా వెనకింటి జిందన్ మాయికి పెద్దకోడలు. అంతకు ముందే అన్నకూతురు. ఆ ఇంట్లో సంబంధం ఎప్పుడూ చుట్టాల గడప దాటి పోలేదు. పెద్దకొడుకు వసాయాకి అన్నకూతుర్ని తెచ్చుకుంది, చిన్నకొడుకు షబ్బీర్‌కి చెల్లెలి కూతురు కనీజ్‌ని తెచ్చుకుంది, ఒక్కగానొక్క కూతురు సకీనాని నది అవతలి ఊళ్ళో తన పినతండ్రి మనవడికిచ్చింది. బయటిపిల్ల వస్తే పొలం ముక్కలవుతుంది, ఇంటి గుట్టు రచ్చకెక్కుతుంది అని ఆమె లెక్క. ఆమె ఒక్కదాన్నీ అని ఏం లాభం, మా చుట్టుపక్కల అందరి లెక్కా అదే. నన్ను కట్టుకున్నవాడు కూడా మా పెదనాన్న కొడుకే.

సఫూరాకి తొలికాన్పులో జుల్ఫీ పుట్టాడు. బొద్దుగా, తెల్లగా ఉండేవాడు. పాకే వయసు వచ్చేసరికి ఆ తెలుపు కాస్తా పాలిపోయింది. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, దర్గాల చుట్టూ తిప్పారు. పొట్ట ఉబ్బింది, కళ్ళు పసుపెక్కాయి. చివరికి ముల్తాన్ తీసుకెళ్తే రక్తం పరీక్ష చేసి థలసీమియా అన్నారు. వాడి ఒంట్లో రక్తం నిలవదట, రెండు మూడు వారాలకోసారి పైనుంచి ఎక్కిస్తూ ఉండాలట. ఎక్కించిన రోజున వాడు మా తందూరు చుట్టూ మేకపిల్లలా గంతులేసేవాడు. రోజులు గడిచేకొద్దీ గోడకి ఆనుకుని కూర్చునేవాడు. ఆ తర్వాత కూర్చోలేకపోయేవాడు. వసాయా మళ్ళీ ఊళ్ళో రక్తం ఇచ్చేవాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు. అతను వీధి మొదట్లో కనబడగానే మగవాళ్ళు పొలం పనులు గుర్తొచ్చి మాయమయ్యేవారు.

ఒక వేసవిలో రక్తం దొరకడం ఆలస్యమైంది. దొరికి, ఎక్కించి, తిరిగి వస్తుంటే వాడు బస్సులోనే, తండ్రి భుజం మీదే పోయాడు. శవం అని తెలిస్తే దారిలో దింపేస్తారని, పిల్లవాడు నిద్రపోతున్నాడని చెప్పి ఊరిదాకా తెచ్చుకున్నారు మొగుడూ పెళ్ళాలు. పక్క సీటువాడు ఎండ తగులుతోందని వాడి మొహం మీద తువ్వాలు కప్పాడట. ఆ సంగతి సఫూరా నాకు చెబుతున్నప్పుడు ఏడవలేదు. నేనే ఏడ్చాను.

డాక్టరు వాళ్ళిద్దరికీ విప్పి చెప్పాడు. మీ ఇద్దరి రక్తంలోనూ ఒకే లోపం దాగి ఉంది, ఒకరి నుంచే వస్తే బిడ్డకేమీ కాదు, ఇద్దరి నుంచీ వస్తే ఇలా అవుతుంది, ఒకే కుటుంబంలో తిప్పి తిప్పి చేసుకుంటుంటే లోపాలు ఇలాగే ఎదురుపడతాయి అని. రెండోవాడు షానవాజ్‌కి పరీక్ష చేసి, వీడు ఆరోగ్యంగానే ఉంటాడు గానీ లోపం వీడిలోనూ ఉంది, పెళ్ళి చేసేటప్పుడు చూసుకోండి అన్నాడు. వసాయా ఆ మాట ఇంటికొచ్చి తల్లి చెవిన వేశాడు. "నా పుట్టింటి రక్తం చెడ్డదంటావురా?" అని ఆమె అన్నం ముట్టకుండా పడుకుంది. కాళ్ళు పట్టుకుని లేపాడు. ఇక ఆ ఊసు ఎత్తలేదు.

అలాంటి ఇంట్లో కనీజ్‌కి నూరీ పుట్టింది. పురిటి నీళ్ళు పోసిన రోజున జిందన్ మాయి తన పెళ్ళినాటి ఎర్ర దుపట్టా తెచ్చి పసిదాని మీద కప్పింది. మట్టిలో ఆడుకుంటున్న షానవాజ్‌ని పట్టుకొచ్చి నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

"ఇదిగోరా, నీ పెళ్ళాం పుట్టింది. ఇక దీన్ని ఎవరైనా అడిగితే కర్ర తీసుకో" అంది. అందరూ నవ్వారు. వాడు బెల్లం చప్పరిస్తూ, ఇంకో ముక్క ఉందా అని అడిగాడు. మాలో ఆ దుపట్టా పడిందంటే నిఖా అయినంత పని. వెనక్కి తీసుకుంటే అన్నదమ్ముల మధ్య కత్తులు లేస్తాయి. సఫూరా కూడా నవ్వింది. చంకలో కూతురు రజియా ఉంది, అప్పటికి ఇంకా చంటిది, పాలు తాగే పిల్ల.

మర్నాడు గేదెల కొట్టం దగ్గర మొగుడితో మాట్లాడుతుంటే విన్నాను. కొట్టం నా గోడకి ఆనుకునే ఉంటుంది. చాటుగా వినలేదు, వాళ్ళు మెల్లిగా మాట్లాడలేదు.

"షానవాజ్ వాళ్ళ నాన్నా, మీ అమ్మకి చెప్పు. పిల్ల కాస్త పెద్దదయ్యాక రక్తం పరీక్ష చేయిద్దాం. లోపం లేకపోతే నేనే మేళాలు పెట్టి తెచ్చుకుంటాను."

"ఆడపిల్లకి పరీక్షలా? చేయించారని బయటికి పొక్కితే చాలు, దాని మొహం ఇంకెవడైనా చూస్తాడా? షబ్బీర్ నా పీక కోస్తాడు."

"అయితే జుల్ఫీని మోసుకొచ్చినట్టు మనవణ్ణి కూడా మోసుకొస్తావా?"

వసాయా గేదె ముందు గడ్డి పడేసి బయటికి పోయాడు. మంచివాడే. తల్లి ముందు మాత్రం నోరు పెగలని మంచివాడు. అలాంటి మంచివాళ్ళతో మా ఊరు నిండిపోయి ఉంది.

పత్తి తీతలు మొదలయ్యాయి. కనీజ్‌కి చలిజ్వరం పట్టుకుని పాలు ఇంకిపోయాయి. పసిదానికి మేకపాలు గుడ్డతో పిండుతున్నారు. ఆ రోజు మధ్యాహ్నం సఫూరా పిండి తట్టతో నా తందూరు దగ్గరికి వచ్చింది. ఒక చంకలో రజియా, ఇంకో చేతిలో నూరీ. నా దగ్గర అప్పటికే వడ్రంగి వాళ్ళ అమీరా, ఆమె ఆడపడుచు కూర్చుని ఉన్నారు. నూరీ ఏడుస్తోంది. మేకపాల సీసా సఫూరా కొంగులోనే ఉంది. నేను చూశాను.

సఫూరా రజియాని కింద కూర్చోబెట్టింది. మంచం మీద కూర్చుని పైన కప్పుకున్న చాదర్ తీసి పక్కన పెట్టింది. మా ఆడవాళ్ళు పిల్లకి పాలిచ్చేటప్పుడు పక్కన అక్కచెల్లెళ్ళున్నా చాటు చేసుకుంటారు. ఆమె చేసుకోలేదు. నూరీని రొమ్ముకి ఆనించుకుంది.

"సఫూరా, ఏం చేస్తున్నావే?" అన్నాను. చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"చూడు పిన్నీ. అమీరక్కా, నువ్వూ చూడు. మొహాలు తిప్పుకోకండి, బాగా చూడండి" అంది.

అక్కడున్న మా అందరికీ అర్థమైంది. పాలు తాగిన బిడ్డ ఆ తల్లికి బిడ్డే. ఆ తల్లి కడుపున పుట్టినవాళ్ళందరికీ తోడబుట్టినదే. తోడబుట్టినవాళ్ళకి నిఖా చదివే మౌల్వీ భూమ్మీద లేడు. నూరీ గటగటా తాగింది. తాగుతున్నంత సేపూ సఫూరా దాని మొహం చూడలేదు. దూరంగా గోడకేసి చూస్తూ కూర్చుంది.

తందూరులో రొట్టెలు కాలేలోపే కబురు జిందన్ మాయికి చేరింది. ఆ ఇంట్లోంచి వచ్చిన అరుపులకి వీధి కుక్కలు కూడా సర్దుకున్నాయి. కనీజ్ జ్వరంతోనే లేచి వచ్చి సఫూరా జుట్టు పట్టుకుంది. షబ్బీర్ అన్న మీదికి గొడ్డలి ఎత్తాడు, ఎవరో పట్టుకున్నారు. సాయంత్రానికి జిందన్ మాయి నా గుమ్మంలో నిలబడింది. జీవితంలో ఎప్పుడూ నా గుమ్మం తొక్కని మనిషి.

"హాజిరా, నీ తందూరు ఎవరి స్థలంలో ఉంది?"

"నీ స్థలంలోనే మాయీ."

"పిల్ల నోరు పెట్టింది గానీ తాగలేదని చెప్పు. అమీరా చెబుతానంది."

"తాగింది మాయీ. తాగి, తేన్చి, నా మంచం మీద కక్కింది కూడా. అదంతా నేనెక్కడ దాచను?"

ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసి వెళ్ళిపోయింది. తందూరు పోతుందనే అనుకున్నాను. పోలేదు. నా రొట్టెలు లేకుండా ఆ ఇంటికి పూట గడవదు, అదొక్కటే కారణం.

మర్నాడు మౌల్వీ సాబ్ వచ్చి జిందన్ మాయి పెరట్లో కూర్చున్నాడు. మేము పల్చటి తెర వెనక, జిందన్ మాయి మాత్రం పెద్దరికంగా బయటే. కడుపులోకి ఒక్క గుక్క పోయినా చాలు, లెక్కలోకి వస్తుందన్నాడు. కానీ ఇచ్చినామె ఒక్కదాని మాట సరిపోదు, చూసినవాళ్ళు కావాలన్నాడు. అమీరా సరిగ్గా కనబడలేదంది. ఆమె ఆడపడుచు తల వంచుకుంది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఇంకా చాలదన్నాడు. అప్పుడు వసాయా వైపు తిరిగాడు.

"నీ భార్య మాట నువ్వు నమ్ముతున్నావా?"

వసాయా తల్లి వైపు చూశాడు. తల్లి కళ్ళతోనే వద్దంది. అతను నేలకేసి చూస్తూ, "నమ్ముతున్నాను" అన్నాడు. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక తల్లికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆ రోజు నాకు అతని మీద ఉన్న కోపం సగం పోయింది.

"అయితే ఇంత అనుమానం మీద నేను నిఖా చదవను, ఎవరినీ చదవనివ్వను" అన్నాడు మౌల్వీ సాబ్. లేవబోతూ తెర వైపు చూసి, "అమ్మా, సంబంధం తెంచాలనే ఇచ్చావని నీ అత్త అంటోంది. ఎందుకిచ్చావు?" అన్నాడు.

చెప్పాల్సిన చోటు అదే. ఊరి పెద్దలున్నారు, ఇంటిల్లిపాదీ ఉన్నారు. ఒక్కసారి నోరు తెరిచి, మా రక్తంలో ఇదుంది, నా కొడుకు దీనివల్లే పోయాడు, మనలో మనం చేసుకోవడం ఆపండి అంటే సరిపోయేది. ఆమె పెదవులు కదిలాయి. అవతల షబ్బీర్ పళ్ళు పటపట కొరుకుతున్నాడు.

"ఆకలికి ఏడ్చింది" అంది సఫూరా.

"ఇంకేమీ లేదా?"

"లేదు."

ఖురాన్ మీద చెయ్యి పెట్టమంటే పెట్టింది.

షానవాజ్ బతికిపోయాడు. పాలు తాపి సంబంధం చెడగొట్టిన దాని ఇంటికి చుట్టాల్లో ఎవరూ పిల్లనివ్వలేదు. సఫూరాకి కావలసిందీ అదే. వాడు పెద్దవాడై ముల్తాన్‌లో ట్రాక్టర్లు బాగుచేసే పనిలో కుదిరాడు. అక్కడే, మాకు ఏ వరసా కాని వాళ్ళ పిల్లని, పరీక్ష చేయించి మరీ చేసుకున్నాడు. ఈద్‌కి వాళ్ళ పిల్లలు వచ్చి నా తందూరు చుట్టూ పరుగెడుతుంటే సఫూరా గుమ్మంలో నిలబడి చూసేది. వాళ్ళ బుగ్గల రంగే చూసేది, ఇంకేమీ చూసేది కాదు.

నూరీ సంగతే వేరు. కనీజ్ తిడితే నూరీ పరుగెత్తుకెళ్ళేది సఫూరా దగ్గరికే. కన్నతల్లిని "అమ్మీ" అనేది, సఫూరాని "అమ్మా" అనేది. సఫూరా కూడా మొదట్లో ఎడంగా ఉన్నా, ఆ పిల్ల వదిలితే కదా. తల దువ్వించుకునేది, రజియా పక్కలో పడుకునేది, మామిడిపళ్ళ కాలంలో ఆ ఇంట్లోనే కాపురం పెట్టేది. "నీకు ఇద్దరు తల్లులు, మాకు ఒక్కతే, అన్యాయం" అని రజియా ఉడికించేది. నూరీ గెంతుతూ, "ఒకరు తిడితే ఇంకొకరు పెడతారు, మీకేం తెలుసు నా దర్జా" అనేది. చూసినవాళ్ళెవరూ అది కడుపున పుట్టిన పిల్ల కాదనుకోరు.

జిందన్ మాయి మంచాన పడ్డాక కూడా ఊరుకోలేదు. షానవాజ్ సంబంధం తప్పిపోతే ఏం, సకీనా కొడుకు మునీర్ ఉన్నాడు కదా. మేనత్త కొడుకు. కళ్ళు మూసేలోగా నూరీ పెళ్ళి చూడాలంది. నూరీకి చేతినిండా గోరింటాకు పెడుతున్న రోజున సఫూరాని గేదెల కొట్టం వెనక్కి లాక్కెళ్ళాను.

"నోరు తెరుస్తావా లేదా?"

"ఏమని తెరవను పిన్నీ?"

"వసాయాకి ఉన్న లోపం వాడి చెల్లెలికి ఉండొచ్చు, చెల్లెలి కొడుక్కీ ఉండొచ్చు. షబ్బీర్‌కి ఉంటే నూరీకి ఉండొచ్చు. నాకు చదువు రాదు గానీ ఈ మాత్రం అర్థమవుతుంది. నీకు నేను చెప్పాలా?"

"ఉండొచ్చు. లేకపోనూవచ్చు. అందరికీ ఉండదని డాక్టరే అన్నాడు." గోడకి పిడకలు సర్దుతున్నట్టు చేతులు ఆడించింది. "వచ్చే నెల రజియాని చూసుకోవడానికి టౌనునుంచి మాస్టారి వాళ్ళు వస్తున్నారు. మా ఇంటి రక్తం చెడ్డదని నా నోటితో నేనే చాటింపు వేస్తే రజియా ఏమవుతుంది? ఒకసారి నూరీ సంబంధం చెడగొట్టాను. రెండోసారి కూడా చెడగొడితే షబ్బీర్ నన్ను బతకనిస్తాడా?"

"అది నీ పాలు తాగిన పిల్లే."

"తెలుసు" అంది. లోపలికి వెళ్ళి, నూరీ చేతులు పనికిరావు కదా అని, అన్నం కలిపి తినిపించింది.

రజియా పెళ్ళి మాస్టారి ఇంట్లో బాగానే అయింది. జిందన్ మాయి పోయింది. ఆమె నోరు మాత్రం సకీనాకి వచ్చింది. నూరీకి కొడుకు పుట్టాడు, అద్నాన్. పాకే వయసు వచ్చేసరికి పాలిపోయాడు. ఆ పిల్లవాణ్ణి మొదటిసారి చూపించడానికి తెచ్చినప్పుడు వసాయా వాణ్ణి ఎత్తుకోలేదు. మొహం చూసి, కొట్టంలోకి వెళ్ళి, గేదె మెడ మీద తల ఆనించి నిలబడ్డాడు.

ముల్తాన్‌లో అదే జబ్బు అన్నారు. డాక్టర్లు మునీర్‌కీ నూరీకీ కాగితాలు చేతిలో పెట్టి చెప్పారు. ఇంటికొచ్చాక సకీనా ఆ కాగితాలు మడిచి అలమారలో పడేసింది. దానికి కావలసిన కారణం దాని దగ్గర ముందే ఉంది. ఎవరో ఒకరి నోట్లోంచి పుట్టింది, ఊరంతా పాకింది. సఫూరా పాలు. జుల్ఫీ ఆ పాలే తాగాడు, పోయాడు. నూరీ ఆ పాలే తాగింది, ఆ విషం దాని కడుపులో దాక్కుని కొడుక్కి దిగింది. సఫూరా దొంగబుద్ధితో ఇచ్చిన పాలు, తల్లికి చెప్పకుండా ఇచ్చిన పాలు, మంచి చేస్తాయా.

ఈ మాట నా తందూరు దగ్గర, నా మొహం మీదే అన్నారు. "మరి షానవాజూ రజియా ఏ పాలు తాగి పెరిగారే?" అని అడిగాను.

"వాళ్ళు బయటివాళ్ళని చేసుకున్నారు కాబట్టి గట్టెక్కారు" అంది అమీరా.

"ఏడ్చినట్టే ఉంది. నేననేదీ అదే కదా" అన్నాను. అమీరాకి అర్థం కాలేదు. రొట్టెలు తీసుకుని వెళ్ళిపోయింది. మనుషులు నిజం గడపదాకా వచ్చి, తలుపు తట్టకుండా తిరిగి వెళ్ళిపోతారు. ఎన్నిసార్లు చూశానో.

సఫూరా ఆ నింద మోసింది. ఎవరికీ ఎదురు చెప్పలేదు. "మోయనీ పిన్నీ, నాకిది తగినదే" అంది ఒకసారి. తగినది అంటే ఏమిటో నేను అడగలేదు.

నూరీకి మళ్ళీ నెల తప్పింది. సకీనా కోడల్ని వెంటబెట్టుకుని మా ఊరి పీర్ దగ్గరికి వచ్చింది. పాల దోషం పోవడానికి ఆయన తాయెత్తు రాసిచ్చాడు. రోజూ దాన్ని గ్లాసు నీళ్ళలో ముంచి ఆ నీళ్ళు తాగాలి. తాగితే కడుపులోది శుభ్రంగా పుడుతుందట. ఇద్దరూ షబ్బీర్ ఇంట్లో దిగారు. నీళ్ళకని బయటికి వచ్చిన నూరీ కుండ పంపు దగ్గరే పెట్టి నా తందూరు దగ్గరికి వచ్చింది. సఫూరా అక్కడే పిండి ముద్దలు చేస్తోంది. నూరీ చిక్కిపోయింది. చంకలో అద్నాన్, వాడి తల దాని మెడ మీద వాలి ఉంది.

"అమ్మా, నిజంగా నీ పాల వల్లేనా?" అంది.

సఫూరా చేతులు ఆగిపోయాయి. అవునంటే అయిపోయేది. పిల్ల తాయెత్తు నీళ్ళు తాగి ధైర్యంగా ఉండేది, ఆమెని తల్లిగానే ఉంచుకునేది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"కాదు" అంది సఫూరా. "పాల వల్ల రాదు. నీ రక్తంలో ఉంది, మునీర్ రక్తంలో ఉంది. ఇద్దరిదీ కలిస్తే వస్తుంది. జుల్ఫీకీ అలాగే వచ్చింది. ఇప్పుడు నీ కడుపులో ఉన్నదానికీ రావచ్చు. నూరీ, ముల్తాన్‌లో కడుపులో ఉండగానే పరీక్ష చేస్తారు. నాలుగో నెల దాటకముందే వెళ్ళాలి. నేను తీసుకెళ్తాను, రేపే వెళ్దాం."

"పరీక్ష చేసి? వచ్చిందంటే?"

"అప్పటికింకా తీయించుకోవచ్చని మతం చదివిన పెద్ద ఆలిములు కూడా చెప్పారట. నేను కనుక్కున్నాను."

నూరీ ఏదో అనబోయేంతలో సకీనా కోడల్ని వెతుక్కుంటూ వచ్చింది. వెనకే షబ్బీర్, కనీజ్. సఫూరా లేచి నిలబడింది. పిండి చేతులు తుడుచుకోలేదు. అందరూ వినేటట్టు, నూరీకి చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. డాక్టరు అన్న మాటలు, జుల్ఫీ సంగతి, షానవాజ్ పరీక్ష. ఆ రోజు నూరీకి పాలు ఇచ్చింది సంబంధం తెంచడానికే అని కూడా చెప్పింది. ఎన్నో ఏళ్ళు గొంతులో పెట్టుకున్న మాట, ఒక్క ఊపులో వచ్చేసింది.

సకీనా ఆసాంతం విని తల ఆడించింది. "ఆకలికి ఏడ్చిందని ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్పావు కదా వదినా. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు చెప్పింది."

"ఖురాన్ మీదే అబద్ధం ఆడినదానివి, తందూరు దగ్గర నిజం చెబుతావా? నీ పాపం నా కొడుకు రక్తం మీదికి తోస్తున్నావు. ఇప్పుడిక నా వంశాన్ని కడుపులోనే చంపించడానికి దారి వెతుకుతున్నావు."

షబ్బీర్ ఉమ్మేసి వెళ్ళిపోయాడు. కనీజ్ మాత్రం కదల్లేదు. కూతురి మొహం, సఫూరా మొహం మార్చి మార్చి చూస్తోంది. నేను అందుకుని, "సకీనా, నీ అలమారలో కాగితాలున్నాయి, చదువుకున్నవాళ్ళతో చదివించుకో" అన్నాను. నా మాట ఎవరికి కావాలి.

నూరీ నమ్మింది. నాకు కచ్చితంగా తెలుసు, దాని కళ్ళలో కనబడింది. పిల్లవాణ్ణి ఇంకో భుజానికి మార్చుకుంది.

"అమ్మా, నా పెళ్ళి రోజున నీకు ఇదంతా తెలుసా?"

సఫూరా దాని మొహంలోకి చూసింది. "తెలుసు."

"గోరింటాకు చేతులతో ఉంటే అన్నం తినిపించావు. అప్పుడూ తెలుసా?"

"తెలుసు నూరీ. రజియా సంబంధం చెడిపోతుందని..." అని ఆగిపోయింది.

నూరీ గొంతు పెంచలేదు. "షానవాజ్ అన్నకి పాలు అడ్డం పెట్టావు. రజియా కోసం నోరు కుట్టేసుకున్నావు. నాకేం చేశావమ్మా?"

సఫూరా చెయ్యి చాచింది, అద్నాన్ కాలు తగిలిందో లేదో, నూరీ వెనక్కి జరిగింది. సకీనా గబగబా షబ్బీర్ ఇంట్లోకి వెళ్ళి గ్లాసు తెచ్చింది. అందులో తాయెత్తు కాగితం నాని, సిరా నీళ్ళలో కలిసిపోయి ఉంది. "తాగమ్మా, ఈ మాటలన్నీ మనసులో పెట్టుకోకు" అంది. రేపు ముల్తాన్ బస్సు ఎక్కుదాం అని సఫూరా ఇంకోసారి అంది, బతిమాలినట్టు.

నూరీ గ్లాసు అందుకుని, సఫూరా వైపే చూస్తూ, ఆ నీళ్ళన్నీ తాగేసింది.